గెర్గెటి కొండ మఠానికి మిత్రులతో: టిబిలిసి బయలుదేరే హైదరాబాద్ విద్యార్థులకు

జార్జియాలో వైద్యవిద్యకు సీటు వచ్చి, చిల్కూరు బాలాజీ దగ్గర 108 ప్రదక్షిణల మొక్కు తీర్చుకుని, శంషాబాద్‌లో విమానం ఎక్కబోతున్న పిల్లలు సీనియర్లను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. హాస్టల్లో అన్నం దొరుకుతుందా, చలి ఎంత, ఆ తర్వాత కాస్త మొహమాటంగా, ‘కజ్‌బేగీ ఎలా వెళ్లాలి?’ ఫోటోల్లో అందరూ చూసే ఉంటారు: వెనుక మంచుకొండ, ముందు పచ్చటి గుట్ట, గుట్టమీద ఒంటరిగా రాతి గుడి. అదే గెర్గెటి త్రిత్వ మఠం. 14వ శతాబ్దపు కట్టడం. సముద్రమట్టానికి 2,170 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఇప్పటికీ అక్కడ సన్యాసులు ఉంటారు, ప్రార్థనలు జరుగుతాయి.

నా సలహాలో అన్నిటికన్నా ముఖ్యమైనది ముందే చెప్పేస్తాను. ఒక్కరోజులో వెళ్లి రావద్దు. కొండ కింద ఉన్న కజ్‌బేగీ ఊరిలో ఒక రాత్రి పడుకోండి. టిబిలిసి నుంచి ఆ ఊరు సుమారు 150 కిలోమీటర్లు, మూడు గంటల ప్రయాణం. ఉదయం బయలుదేరి, దారిలో నాలుగుచోట్ల ఫోటోలకు ఆగి, మధ్యాహ్నానికి చేరేసరికి చాలా రోజుల్లో కొండ మబ్బులో ఉంటుంది. పైగా మఠం, దాని వెనుక కజ్‌బెక్ శిఖరం ఊరికి పడమటి దిక్కున ఉన్నాయి. తెల్లవారితే ఎండ నేరుగా వాటి మీద పడుతుంది. సాయంత్రమైతే సూర్యుడు వాటి వెనక్కే దిగిపోతాడు. ఒకరోజు యాత్రలో తిరిగేవారికి మిగిలేది మబ్బు, జనం, బండి హారన్.

1. ముందు మనుషులను కూర్చుకోండి

నలుగురైతే సరిగ్గా సరిపోతుంది. కారులో పడతారు, రెండు గదుల్లో సర్దుకుంటారు, తిండి విషయంలో ఒక మాటకు వస్తారు. పన్నెండు మంది గుంపులో ఎప్పుడూ ఎవరో ఒకరు స్నానాల గదిలోనే ఉంటారు. అంతకన్నా పెద్ద చిక్కు మఠంలో వస్తుంది. లోపల చోటు చాలా చిన్నది, పన్నెండు మంది గుసగుసలాడినా అక్కడ సంతే.

బయలుదేరే ముందు ఒకరినొకరు మూడు విషయాలు అడగండి. ఎవరు నడవగలరు, ఎవరికి మలుపుల దారిలో వాంతులవుతాయి, ఎవరు ఏమి తినరు. ఈ మూడూ తెలిస్తే దారిలో వచ్చే తగాదాల్లో సగం రావు. మిగతా సగం డబ్బువి, వాటి సంగతి చివర చెబుతాను. ఇంకొకటి: కొండమీద ఎవరైనా ‘నేను వెనక్కి వెళ్తాను’ అంటే వారితో ఇంకొకరు దిగాలి. ఈ నియమం హాస్టల్లోనే ఒప్పుకుని కదలండి. పైకి వెళ్లాక ఎవరూ ఒప్పుకోరు.

2. రోజు ఎంచుకోండి

జూన్ నుంచి సెప్టెంబరు చివరిదాకా దారి, నడక రెండూ సులువు. అక్టోబరు మొదట్లో కూడా వెళ్లవచ్చు, చలి మాత్రం గట్టిగానే ఉంటుంది. కొత్తగా చేరేవారికి ఇదే మంచి అదను, ఎందుకంటే ఆ తర్వాత చలికాలం, పరీక్షలు జంటగా వస్తాయి. చలికాలంలో, దారిలో వచ్చే గుడౌరి అనే ఊరు దాటాక ఉండే కనుమ దగ్గర మంచు విరిగిపడే ప్రమాదం ఉంటే దారి మూసేస్తారు. కొన్నిసార్లు అటువైపు వెళ్లినవారు తిరిగి రాలేక అక్కడే ఉండిపోవలసి వస్తుంది. సోమవారం పరీక్ష ఉన్నవారు డిసెంబరు నుంచి మార్చిదాకా ఆ ఆలోచనే పెట్టుకోవద్దు.

వారంలో అయితే శుక్రవారం మధ్యాహ్నం క్లాసు అవగానే బయలుదేరి, శనివారం ఉదయం కొండ ఎక్కి, సాయంత్రానికి తిరిగి రావడం మేలు. ఆదివారం బట్టలు ఉతుక్కోవడానికీ, చదువుకూ మిగులుతుంది. ఆదివారం ఉదయపు ప్రార్థన వినాలని ఉంటే మాత్రం ఒకరోజు ఆలస్యంగా బయలుదేరండి. వాద్యాలు లేకుండా, ఒకేసారి మూడు గొంతులు మూడు స్వరాల్లో కలిసి పాడే పాట అది. జార్జియా బహుస్వర గానాన్ని 2001లో యునెస్కో మానవాళి వారసత్వంగా ప్రకటించింది. పాట కోసమే వెళ్లేవారు చివరిదాకా నిలబడే ఓపికతో వెళ్లాలి. నిలబడే అని ఎందుకన్నానో ముందుముందు తెలుస్తుంది.

3. హైదరాబాద్‌లోనే సర్దుకోవలసినవి

కావలసినవాటిలో చాలావరకు ఇక్కడే దొరుకుతాయి, అదీ చవకగా.

అమ్మాయిలు ఒక నూలు చున్నీ తప్పకుండా పెట్టుకోండి. మఠంలో ఆడవారు తల కప్పుకోవాలి, మోకాళ్ల కిందిదాకా లంగానో స్కర్టో ఉండాలి. ప్యాంటు వేసుకున్నవారి కోసం గుమ్మం దగ్గర చుట్టుకునే గుడ్డలు ఉంచుతారు. కానీ అవి అందరూ కట్టి విడిచినవి, వాన రోజు తడిగా కూడా ఉంటాయి. పట్టు చున్నీ, జార్జెట్ చున్నీ కొండగాలికి తలమీద నిలవవు. అబ్బాయిలకు నిండు ప్యాంటు కావాలి, నిక్కర్లు కుదరవు. లోపలికి వెళ్లేటప్పుడు టోపీ తీసేయాలి. ఆడవారు కప్పుకోవాలి, మగవారు తీసేయాలి అన్నది గుర్తుంటే చాలు.

వానకోటు ఎలాగూ హైదరాబాద్ వానల్లో కొనే ఉంటారు, అదే పట్టుకెళ్లండి. కొండమీద గొడుగు తిరగబడుతుంది. స్వెటర్ల సంగతి కొంచెం ఇబ్బంది. మన దగ్గర ఉన్ని బట్టలు కుప్పలుగా దొరికేది చలికాలంలో, మీరు బయలుదేరేది వానాకాలంలో. కోఠి, సుల్తాన్‌బజార్ వైపు అడిగితే పాత సరుకు తీసి చూపిస్తారు. మందమైన ఒక కోటు కన్నా పలుచటివి రెండు మూడు పొరలుగా వేసుకోవడమే మంచిది, ఎక్కేటప్పుడు చెమట పడుతుంది, ఆగగానే వణుకు వస్తుంది. ఎంత చలి ఉంటుందో అంచనా వేయడానికి ఒక లెక్క ఉంది: ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. మఠం టిబిలిసి కన్నా సుమారు 1,700 మీటర్లు పైన ఉంది కాబట్టి నగరంలో ఉన్న వేడిలోంచి పది డిగ్రీలు తీసేయండి. గాలికి ఇంకో రెండు.

బూట్లు కొత్తవి వద్దు. ఇక్కడ కొన్నవాటితో ముందు గోల్కొండ ఎక్కి దిగండి. ఆ గుట్ట ఎత్తు సుమారు 120 మీటర్లు. గెర్గెటి ఎక్కడం 430 మీటర్ల దాకా ఉంటుంది. బాలాహిస్సార్ దగ్గర ఆయాసం తీర్చుకోవడానికి ఎన్నిసార్లు కూర్చున్నారో చూసుకుని దాన్ని మూడున్నరతో హెచ్చవేసుకోండి. ఎత్తు వల్ల తల తిరుగుతుందని మాత్రం భయపడవద్దు. ఆ మఠం కన్నా ఊటీ కాస్త ఎత్తులోనే ఉంది.

పులిహోర పులుసు ఒక సీసా. దాని విలువ మీకు కొండమీద తెలుస్తుంది. ఉస్మానియా బిస్కెట్ల పొట్లం ఒకటి, మీరు బస చేసే ఇంటి ఆవిడకు ఇవ్వడానికి. వాంతుల మాత్రలు. పాస్‌పోర్టు కూడా వెంట ఉండాలి, ఎందుకంటే మీరు వెళ్తున్నది రష్యా సరిహద్దుకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోని ఊరు.

4. దీదూబేలో బండి ఎక్కడం

టిబిలిసి మెట్రోలో దీదూబే స్టేషన్‌లో దిగితే బయటే బండ్ల అడ్డా. మెట్లు దాటేలోపే ‘కజ్‌బేగీ, కజ్‌బేగీ’ అంటూ డ్రైవర్లు చుట్టుముడతారు. ఊరి అసలు పేరు స్టెపాంట్స్‌మిండా, కానీ అక్కడ అందరూ పాత పేరుతోనే పిలుస్తారు. మొదటివాడికే తలూపకండి. రెండు రకాల బండ్లు ఉంటాయి. మార్ష్రుత్కా అనే చిన్న వ్యాను, చవక, దారిలో ఎక్కడా చూడటానికి ఆగదు. రెండోది నలుగురు ఎక్కే కారు, కాస్త ఎక్కువ, కానీ కోరినచోట ఆపుతారు.

వెళ్లేటప్పుడు కారు, వచ్చేటప్పుడు మార్ష్రుత్కా అన్నది నా లెక్క. వెళ్లేటప్పుడు చూడాలని ఉంటుంది, వచ్చేటప్పుడు నిద్ర వస్తుంది. కారు మాట్లాడేటప్పుడు మూడు ముక్కలు ముందే తేల్చుకోండి: రేటు తలకా, బండికా? ఆగినందుకు అదనమా? ఎక్కడెక్కడ ఆగుతారు? సెట్విన్ బస్సులు, షేర్ ఆటోలు చూసినవారికి ఈ బేరం నేర్పనక్కరలేదు. అంకెలు ఫోనులో కొట్టి చూపించండి, భాష రాని బేరంలో వేళ్లకన్నా అదే నయం. వాంతులయ్యేవారిని ముందు సీటులో కూర్చోబెట్టండి, కిటికీ కోసం గొడవపడేవారు వెనక్కి వెళ్తారు.

5. దారిలో

మీరు వెళ్లేది జార్జియా మిలిటరీ రోడ్డు. రష్యా సామ్రాజ్యం కాకసస్ దాటడానికి వేసుకున్న దారి అది. ఈనాటికీ రష్యా వైపు సరుకు వెళ్లేది ఇదే దారిన కాబట్టి లారీల వరుస కిలోమీటర్ల పొడవున నిలిచి ఉండటం మామూలే. మూడు గంటలు నాలుగవుతాయి. అందుకే శుక్రవారం మధ్యాహ్నం రెండు దాటాక బయలుదేరవద్దు.

ఆగవలసిన చోట్లు రెండు చాలు. అనానూరి కోట, నీలి జలాశయం ఒడ్డున. దాని తర్వాత పసనౌరి, అక్కడ తెల్ల అరాగ్వి, నల్ల అరాగ్వి అనే రెండు నదులు కలుస్తాయి, కలిశాక కూడా కొంతదూరం రెండు రంగులూ విడిగానే కనిపిస్తాయి. గుడౌరి పైన 1983లో సోవియట్ కాలంలో కట్టిన రంగురంగుల స్నేహ స్మారకం దగ్గర అందరూ ఆగుతారు. లోయ చూడాలంటే సరే, కానీ అక్కడ జనం ఎక్కువ, సమయం తినేస్తుంది. ఆ తర్వాత కనుమ, సుమారు 2,400 మీటర్లు. అంటే మఠం కన్నా ఎత్తులోకి వెళ్లి మళ్లీ దిగుతారు.

కనుమ దగ్గర ఫోను సిగ్నల్ పోతుంటుంది. హైదరాబాద్ జార్జియాకన్నా ఒకటిన్నర గంట ముందుంటుంది. అక్కడ ఐదున్నర అంటే ఇక్కడ అమ్మ ఏడింటికి ఫోను పట్టుకుని కూర్చుని ఉంటుంది. దీదూబేలోనే చెప్పేయండి, ‘చేరాక చేస్తాను, రాత్రి తొమ్మిదిదాకా కంగారుపడవద్దు’ అని. ఈ ఒక్క మాట వదిలేస్తే నలుగురి ఇళ్లలోనూ గగ్గోలు పుడుతుంది.

6. రాత్రి బస, భోజనం

హోటళ్లకన్నా ఇంటి బసలు మేలు. ఇంటివారే గదులు అద్దెకిస్తారు, రాత్రి భోజనం, ఉదయం టిఫిను పెడతారు. డబ్బు నోట్లుగా దగ్గర ఉంచుకోండి. దిగగానే ఇంటావిడను రెండు విషయాలు అడగాలి: రేపు మఠం ఎన్నింటికి తెరుస్తారు, టిబిలిసికి ఆఖరి బండి ఎప్పుడు. ఫోనులో దొరికే వేళలకన్నా ఆవిడ మాటే నమ్మండి.

తిండి విషయంలో మనవాళ్లు జాగ్రత్తగా ఉండవలసిన సంగతి ఒకటుంది. ఖింకలి అనే ఉడికించిన పిండి కజ్జికాయల్లో మామూలుగా ఆవు, పంది మాంసం కలిపి పెడతారు. తినేవారికి అభ్యంతరం లేదు. తిననివారు ముందే చెప్పాలి, బంగాళాదుంపతోనో, పుట్టగొడుగులతోనో, జున్నుతోనో చేసినవి అడగాలి. పూర్తి శాకాహారులకు అక్కడ ఒక రక్షామంత్రం ఉంది: సమర్ఖ్వో. ఉపవాస భోజనం అన్నమాట, మాంసం, పాలు, గుడ్లు ఏవీ ఉండవు. ఆర్థడాక్స్ క్రైస్తవులకు బుధ, శుక్రవారాలు ఉపవాస దినాలు కాబట్టి శుక్రవారం రాత్రి ఈ మాట అంటే వింతగా చూడరు. మట్టిపిడతలో ఉడికించిన లోబియో వస్తుంది, రాజ్మా లాంటి గింజలు, దానితో మొక్కజొన్న రొట్టె. కొంచెం కారం తగ్గినట్టు అనిపిస్తే మీ సంచిలోని పులిహోర పులుసు తీయండి, ఇంటావిడకూ కాస్త రుచి చూపించండి.

ఖింకలి తినే పద్ధతి చూసి నేర్చుకోండి. పైనున్న ముడిని వేళ్లతో పట్టుకుని తలకిందులు చేసి, అంచున చిన్నగా కొరికి, ముందు లోపలి రసం పీల్చాలి. ఫోర్కుతో పొడిస్తే రసమంతా పళ్లెంపాలు. ముడి తినరు, పళ్లెం అంచున వదిలేస్తారు. చివర్లో ముడులు లెక్కపెడితే ఎవరెన్ని తిన్నారో తేలిపోతుంది.

ఇంటాయన చాచా పోయవచ్చు. ద్రాక్షతో కాచిన సారా అది, గొంతు కాలిపోతుంది. వద్దనుకుంటే గుండెమీద చెయ్యి పెట్టుకుని ‘మద్లోబా’ (ధన్యవాదాలు) అనండి, నొచ్చుకోరు. తెల్లవారి కొండ ఎక్కవలసినవారు ఆ మాట మొదటి గ్లాసుకే అనడం మంచిది.

7. ఎక్కడం

కిటికీలోంచి చూసి మబ్బు లేకపోతే టిఫిను కోసం ఆగకండి, రొట్టె చేత్తో పట్టుకుని కదలండి. నది దాటి గెర్గెటి పల్లెలోంచి వెళ్లాలి. ఇప్పుడు పైదాకా తారు రోడ్డు పడింది. నడవలేనివారికి ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న డెలికా వ్యాన్లు ఊరి కూడలిలో దొరుకుతాయి. ఒకరికి మోకాలు నొప్పి ఉంటే ఆ ఒక్కరి కోసం వ్యాను మాట్లాడటానికి మొహమాటపడవద్దు, పైన కలుసుకుంటారు.

నడిచేవారికి గంటన్నర చాలు, ఆగి ఆగి వెళ్తే రెండు. కాలిబాట నిటారుగా ఉంటుంది, వాన పడితే బురద. నెమ్మదిగా నడిచేవారిని ముందు పెట్టండి. వేగంగా నడిచేవారు ముందుంటే ప్రతి మలుపులో కూర్చుని విశ్రాంతి తీసుకుంటారు, వెనుకవారు చేరగానే లేచి పోతారు. అంటే విశ్రాంతి కావలసినవారికే అది దక్కదు.

కుక్కలు వెంట వస్తాయి. చెవికి రంగు బిళ్ల ఉన్నవి టీకా వేసిన వీధి కుక్కలు, పాపం దారి చూపిస్తున్నట్టే నడుస్తాయి. అయినా ముద్దు చేయకండి, వైద్య విద్యార్థులకు రేబిస్ గురించి నేను చెప్పేదేమీ లేదు. గొర్రెల మందకు కాపలా ఉండే పెద్ద కుక్కలు వేరు. మంద కనిపిస్తే దూరంగా చుట్టి వెళ్లండి, కాపరిని పిలవండి. దారి తప్పినా, కాలు బెణికినా 112కు ఫోను చేయాలి.

మఠం దాటి హిమానీనదం వైపు బాట పోతుంది. అది వేరే యాత్ర, వేరే బూట్లు, వేరే రోజు.

8. మఠంలో

ఇక్కడ తొందరపడవద్దు.

గుమ్మం దగ్గరికి రాగానే మన కాళ్లు వాటంతటవే చెప్పులు విడవబోతాయి. అక్కరలేదు, బూట్లతోనే లోపలికి వెళ్తారు. రాతి నేల మంచుగడ్డలా ఉంటుంది కూడా. అక్కడివారు గుమ్మం ముందు ఆగి శిలువ గుర్తు వేసుకుంటారు, కొందరు గోడను ముద్దాడతారు. మీరు అవేవీ చేయనవసరం లేదు. తల కొద్దిగా వంచి, ఫోను మోగకుండా చేసి వెళ్తే చాలు.

లోపల కుర్చీలు, బల్లలు ఉండవు. ప్రార్థన ఎంతసేపైనా నిలబడే వింటారు. మీరు వెనుక గోడ పక్కన నిలబడండి. చేతులు జేబుల్లో వద్దు. ఎదురుగా పటాలతో ఉన్న అడ్డుగోడ మన గర్భగుడి గడప వంటిది, దాన్ని దాటి అర్చకులు తప్ప ఎవరూ వెళ్లరు. లోపల ఫోటోలు తీయరాదు. ఫ్లాష్ లేకుండా ఒక్కటే అని బతిమాలడం కూడా వద్దు. బయట కూడా సన్యాసుల ఫోటో తీయాలంటే అడగండి.

సన్నటి మైనపు కొవ్వొత్తులు అమ్ముతారు. కొని వెలిగించవచ్చు, మతం ఎవరూ అడగరు. వెలుగుతున్న ఇంకో కొవ్వొత్తి నుంచి అంటించి, అడుగుభాగాన్ని కాస్త వెచ్చచేసి, ఇసుకలోనో గూటిలోనో నిలబెట్టాలి. పక్కవారి కొవ్వొత్తి వంగి ఉంటే సరిచేసి వెళ్తారు, మీరూ చేయండి. లోపల కిటికీలు చిన్నవి, వెలుగు చాలావరకు ఆ కొవ్వొత్తులదే. కళ్లు అలవాటు పడటానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఫోటో కోసమే వచ్చినవారు ఆ రెండు నిమిషాలు ఆగరు, గోడలే చూడకుండా వెళ్లిపోతారు.

ఈ చోటికి ఇంత గౌరవం ఎందుకో తెలుసుకుని వెళ్తే మంచిది. శత్రువులు దండెత్తి వచ్చినప్పుడు పాత రాజధాని మ్త్‌స్ఖేతా నుంచి పవిత్ర వస్తువులను తెచ్చి ఇక్కడ దాచేవారని 18వ శతాబ్దపు చరిత్రకారుడు వఖుష్తి రాశాడు. వాటిలో నినో శిలువ ఒకటి. నాలుగో శతాబ్దంలో జార్జియాకు క్రైస్తవం తెచ్చిన నినో, ద్రాక్ష కొమ్మలను తన వెంట్రుకలతో కట్టి చేసిందని చెప్పే శిలువ అది. ఇప్పుడు టిబిలిసిలోని సియోనీ చర్చిలో ఉంది. సోవియట్ కాలంలో ఇక్కడ ప్రార్థనలు ఆపేశారు. 1988లో ఊరి నుంచి పైకి తీగల బండి (కేబుల్ కార్) వేస్తే, పుణ్యస్థలానికి అపచారమని ఊరివారే దాన్ని ధ్వంసం చేశారు. అటువంటి ఊరిలో ప్రహరీ గోడమీద కాళ్లు ఊపుతూ కూర్చుని తెలుగు పాటకు రీళ్లు తీస్తే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

పులిహోర గోడ లోపల తినవద్దు. కాస్త కిందికి దిగి, పచ్చిక మీద గాలి తగలని చోటు చూసుకుని పొట్లం విప్పండి. ఖాళీ పొట్లాలు సంచిలో వేసుకుని దిగండి.

9. తిరుగు ప్రయాణం

దిగేటప్పుడే కాళ్లు జారేది. తడి గడ్డి కనబడితే రోడ్డు పట్టుకోండి, దూరమైనా నయం. మధ్యాహ్నం రెండు గంటలకల్లా ఊరి కూడలిలో ఉండేలా చూసుకుంటే మార్ష్రుత్కాలో సీటు దొరుకుతుంది. ఆఖరి బండిని నమ్ముకోవద్దు, అది నిండిపోయి ఉంటుంది, లేదా డ్రైవరు ముందే కదిలిపోతాడు. నగరంలో మధ్యలో దిగాలంటే డ్రైవరుకు వినిపించేలా ‘గాచెరెత్’ అనాలి. గట్టిగానే అనండి, మన సిటీ బస్సులో ‘ఆపండి’ అన్నట్టు.

డబ్బు లెక్కలు బండిలోనే తేల్చేయండి. కారు, గది, భోజనం, డెలికా, కొవ్వొత్తులు, అన్నీ ఒకరి ఫోనులో రాసి ఉంచితే మూడు గంటల్లో లారీల వెనుక నిలిచి ఉన్న సమయమే చాలు. డెలికా డబ్బు మోకాలు నొప్పి ఉన్నవారొక్కరే కట్టాలా, నలుగురా అన్న చర్చ తప్పక వస్తుంది. నలుగురూ కట్టాలి.